డేటాబేస్‌ని నేరుగా వెబ్‌కి ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల మేత డీలర్లకీ, రొయ్యలు కొనేవాళ్లకీ, రైస్ మిల్లులకీ సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. ఈమధ్య కుర్రాళ్లు సర్వర్ కోడ్ మానేసి, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పోస్ట్‌గ్రెస్ట్ (టేబుళ్లకి వెబ్ చిరునామాలు ఇచ్చే ప్రోగ్రాము) పెట్టి, టేబుళ్లనే వెబ్‌కి ఇచ్చేస్తున్నారు. అందులో తప్పేం లేదు. తప్పు వేరేచోట ఉంది.

అపోహ: "రైతుకి తన ఖాతా ఒక్కటే కనబడుతోంది కదండీ!"

దాచింది స్క్రీనండీ, డేటాబేస్ కాదు. యాప్ అడిగే చిరునామాలో రైతు నంబరు 17 అని ఉంటుంది. దాన్ని 18 చేస్తే పక్క చెరువాయన ఖాతా వస్తుంది. షరతే తీసేస్తే అందరివీ వస్తాయి. పాలకొల్లు వైపు ఒక మేత డీలరు గారికి కౌంటర్ దగ్గరే చేసి చూపించాను. ఎవరి బాకీ ఎంత, ఎవరికి బస్తా మీద ఎంత తగ్గించారో వరసగా దిగిపోయింది. ఆయన గబుక్కున ల్యాప్‌టాప్ మూసేసి, "ఈ తగ్గింపులు బయటపడితే రేపు ఊరంతా నా గుమ్మంలోనే ఉంటారు బాబూ" అన్నారు. హ్యాకర్ల మాటే ఎత్తలేదు. ఆయన భయం ఆయనది, న్యాయమైనదే.

దీనికి మందు రో లెవల్ సెక్యూరిటీ, అంటే ఏ వరస ఎవరికివ్వాలో డేటాబేసే చూసుకోవడం. పోస్ట్‌గ్రెస్‌లో 2016లో 9.5 వెర్షన్‌తోనే వచ్చింది. ఆన్ చేశాక పాలసీ (ఎవరికి ఏ వరసలో చెప్పే నియమం) రాసేదాకా యాప్‌కి ఒక్క వరస కూడా రాదు. "యాప్ పాడైంది" అని వెంటనే ఆఫ్ చేసేస్తారు మనవాళ్లు! పాడవలేదయ్యా, పని చేస్తోంది. లాగిన్ టోకెన్‌లోని (లాగిన్ అయ్యాక సర్వర్ సంతకం చేసి ఇచ్చే చీటీలోని) నంబరు, వరసలోని రైతు నంబరు కలిస్తేనే ఇవ్వమని పాలసీ రాయండి. టోకెన్‌లో నంబరు మారిస్తే సంతకం చెల్లదు. వ్యూలతో (టేబుళ్ల మీద పేరు పెట్టి దాచుకున్న ప్రశ్నలతో) జాగ్రత్త: అవి మామూలుగా వాటిని తయారుచేసిన డేటాబేస్ ఓనర్ హక్కులతో నడిచి పాలసీని దాటేస్తాయి. 15వ వెర్షన్ నుంచి, అడిగేవాడి హక్కులతోనే వ్యూని నడిపే సెక్యూరిటీ ఇన్‌వోకర్ ఉంది, పెట్టుకోండి.

అపోహ: "మన కొట్టు డేటా ఎవడిక్కావాలి?"

ఎవడూ మిమ్మల్ని ఏరి పట్టుకోడు. తెరిచిన 3306, 5432 పోర్టుల (మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల గుమ్మాల) కోసం ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా జల్లెడ పడుతుంటాయి. 2017లో తాళం లేని మాంగోడీబీ డేటాబేస్‌లను వేలల్లో తుడిచేసి డబ్బడిగారు.

అపోహ: "మధ్యలో పీహెచ్‌పీ సర్వర్ కోడ్ ఉంటే క్షేమం." అజాగ్రత్తగా రాస్తే ఇంజెక్షన్, అంటే బయటివాడు టైప్ చేసింది డేటాబేస్‌కి ఆజ్ఞగా మారిపోవడం, అలాంటి పేజీల్లోనూ జరుగుతుంది. హెచ్‌టీటీపీఎస్ దారిలో డేటాని కాపాడుతుందంతే, ఎవరికి ఏ వరస ఇవ్వాలో అది చూడదు.

ఇప్పటికే పెట్టేసి కంగారు పడుతున్నవాళ్లు సర్వర్ ఆపేయక్కర్లేదు. ముందు టోకెన్ లేకుండా ప్రతి టేబులూ తెరిచి చూడండి. తర్వాత 18 లాగిన్‌తో 17ని అడగండి. రెండుసార్లూ రైతుల వరసలేవీ రాకూడదు. టేబుల్ ఓనర్ లాగిన్‌తో మాత్రం పరీక్షించకండి, మామూలుగా పాలసీలు ఓనర్‌కి వర్తించవు.