పీఐఓలో చిక్కుకున్న హార్డ్ డిస్క్

విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. ఫైల్ కాపీకి పెడితే చాలు, మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది, వింటున్న పాట గరగరలాడుతుంది. వైరస్ అనుకుని స్కాన్ చేస్తారు, ర్యామ్ పెంచుతారు, చివరికి విసిగిపోయి విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. చాలాసార్లు దాంతో వేగం తిరిగొస్తుంది కూడా. అసలు జబ్బు, అంటే డిస్క్ పీఐఓ అనే నెమ్మది పద్ధతిలోకి జారిపోవడం, మాత్రం తెలియకుండానే పోతుంది.

వెడల్పాటి పట్టీ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిపే పాత ఐడీఈ రకం డిస్కుల నుంచి మెమరీలోకి డేటా రెండు పద్ధతుల్లో చేరుతుంది. పీఐఓ (ప్రోగ్రామ్డ్ ఇన్‌పుట్/అవుట్‌పుట్) పద్ధతిలో ప్రాసెసరే ఒక్కో ముక్కా అందుకుని మెమరీలో పెట్టాలి. కేబుల్ మీదుగా విడతకు వచ్చేది 16 బిట్లు, అంటే రెండు బైట్లు. డిస్క్ మీద డేటా దాచే చిన్న గడి అయిన 512 బైట్ల సెక్టారుకు 256 విడతలు, ఒక మెగాబైట్‌కు 5,24,288 విడతలు. చెరువు నీళ్లు చెంబుతో తోడినట్టే. ఇక పాట వినిపించడానికి ప్రాసెసర్‌కు తీరికెక్కడ? డీఎంఏ (డైరెక్ట్ మెమరీ యాక్సెస్) పద్ధతిలో అయితే ఏ డేటా ఎక్కడ పెట్టాలో డిస్క్ కంట్రోలర్‌కు చెప్పి ప్రాసెసర్ వేరే పని చూసుకుంటుంది. కంట్రోలర్ నేరుగా మెమరీలో నింపేసి, అయ్యాక కబురు పెడుతుంది. కాగితం మీద పీఐఓ మోడ్ 4 వేగం సెకనుకు 16.7 మెగాబైట్లు, అల్ట్రా డీఎంఏ మోడ్ 5 వేగం 100.

మరి డీఎంఏలో నడిచే డిస్క్ పీఐఓకి ఎందుకు దిగజారుతుంది? అల్ట్రా డీఎంఏలో డేటాతో పాటు సీఆర్‌సీ అనే సరిచూపు లెక్క ఉంటుంది. రెండు వైపులా లెక్క కలవకపోతే తప్పు దొర్లినట్టు. ఎక్స్‌పీలో డిస్క్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఈ తప్పుల్నీ, డిస్క్ వేళకు జవాబివ్వని సందర్భాల్నీ గుర్తుపెట్టుకుంటుంది. అరడజను దాకా పోగయ్యేసరికి ఒక మెట్టు దిగుతుంది, అలా దిగుతూ పీఐఓ దగ్గర తేలుతుంది. ఆ తప్పులు ఒక్క గంటలో జరిగాయా, నెలల తరబడి జరిగాయా అన్నది దానికి పట్టదు. స్టాండ్‌బై నుంచి లేచేటప్పుడు డిస్క్ కాస్త ఆలస్యం చేసినా అదీ ఖాతాలో పడుతుంది. జాగ్రత్త మంచిదే, కానీ తనంతట తాను మళ్లీ పైకెక్కే ప్రయత్నం చేయకపోవడం నా దృష్టిలో మొండితనమే.

డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానల్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్’ చూడండి. తమాషా ఏమిటంటే, పైన ‘డీఎంఏ ఇఫ్ అవైలబుల్’ అనే ఉంటుంది, కింద పీఐఓ నడుస్తుంటుంది. ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి, పాత తప్పుల లెక్క చెరిపేసి డీఎంఏతో మొదలుపెడుతుంది.

కొన్నాళ్లకే మళ్లీ పీఐఓకి దిగితే తప్పు నిజంగానే ఎక్కడో ఉన్నట్టు. మొదటి అనుమానం కేబుల్ మీదే. సెకనుకు 33 మెగాబైట్లు దాటాలంటే 80 తీగల కేబుల్ కావాలి. పిన్నులు 40 ఉన్నా, సిగ్నళ్లు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా మధ్యమధ్యన 40 గ్రౌండ్ తీగలు అదనంగా ఉంటాయి. సన్నగా, ఒత్తుగా కనిపించే తీగల్ని బట్టి పోల్చుకోవచ్చు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో 199వ అంశం సీఆర్‌సీ తప్పుల సంఖ్య. అది పెరుగుతూ ఉంటే కేబుల్ మార్చి చూడాలి. 199 కదలకుండా 5వ అంశం (పాడై, వేరే చోటికి మార్చిన సెక్టార్లు), 197వ అంశం (చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) పెరుగుతుంటే డిస్క్ పళ్లెమే పాడవుతోందని అర్థం. అప్పుడు మోడ్ సంగతి పక్కనపెట్టి ముందు డేటా బయటికి తీసుకోవాలి, పీఐఓ వేగంతోనైనా సరే.