మోసుకెళ్ళాల్సింది ట్యాంక్ కాదర్రా

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, తాతయ్యా నిజంగానే వరదో మంటో వచ్చి ఉన్నపళంగా ఇల్లు వదలాల్సొస్తే మన పాముని, గెక్కోని (అదే, ఆ పెంపుడు బల్లిని), తాబేలుని ఏం చెయ్యాలి అని, అప్పుడేదో నవ్వి దాటేశా గానీ రాత్రంతా అదే ఆలోచన, అందుకే రాస్తున్నా.

ముందు నా తెలివితక్కువ పని చెప్తా. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరో లెపర్డ్ గెక్కో ఉండేది. ఓ రాత్రి నీళ్ళొస్తున్నాయి ఖాళీ చెయ్యండి అంటే నేను గ్లాస్ ట్యాంక్ మొత్తం ఎత్తబోయా, రాళ్ళు, నీళ్ళ గిన్నె అన్నీ అందులోనే, అది గుమ్మం దాకా కూడా రాలేదు. ఆ కంగారులో చెయ్యిపెట్టి గబుక్కున పట్టుకున్నానా, తోక నా చేతిలో ఉండిపోయింది, గెక్కో మంచం కిందకి పోయింది. తోక మళ్ళీ మొలిచింది లే, కానీ పొట్టిగా ఉల్లిగడ్డలా. పాపం అది కొవ్వు దాచుకునేదే తోకలో, దాని సంచి నేనే లాగేసుకున్నట్టు అయింది.

అప్పుడు నాకు తెలిసొచ్చింది ఏంటంటే, వెళ్ళేటప్పుడు ట్యాంక్ గురించి, తిండి గురించి కాదు, వేడి గురించి ఆలోచించాలి. వీటికి మనలాగా ఒంటి వేడి నిలుపుకోవడం రాదు, చుట్టూ ఎంత ఉంటే ఒళ్ళూ దాదాపు అంతే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ పాము వారాల తరబడి తినకపోయినా ఉంటుంది, కానీ కరెంట్ పోయి వేడినిచ్చే ల్యాంప్ ఆరిపోయాక జాలిపడి ఎలుకని పెట్టారనుకోండి, వేడి లేక అరగదు, కడుపులోనే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది. తిన్న రెండు రోజుల్లోపు మోసుకెళ్ళాల్సొచ్చినా కక్కొచ్చు, అందుకే తుఫాను వస్తోందని ముందే తెలిస్తే తిండి ఆపెయ్యండి.

పాముకి దిండు గలీబు చాలు. తిరగేసి కుట్లు బయటకి పెట్టండి, లోపల దారాలకి చిక్కుకోకుండా. పైన గట్టిగా ముడేసి, ఆ మూటని చిల్లులున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. గెక్కోకి చిన్న డబ్బా, అడుగున టవల్. ఎంత స్నేహంగా ఉన్నా రెండిటిని ఒకే డబ్బాలో వెయ్యొద్దు. నీటి తాబేలుకి డబ్బా నిండా నీళ్ళు పొయ్యాలనిపిస్తుంది, పొయ్యకండి, బండి కుదుపులకి బోర్లాపడితే మునిగిపోతుంది, తడి టవల్ చాలు. మీద గుడ్డ కప్పితే చీకటికి అవే కుదురుకుంటాయి.

చలిగా ఉంటే ఆ డబ్బాల్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి డబ్బా బయట ఆనించండి, ఒంటికి తగిలితే కాలుతుంది, వాటికి ఆ మంట వెంటనే తెలీదు కూడా. థర్మామీటర్ ఒకటి తప్పనిసరి, చేత్తో తాకి చెప్పే లెక్కలొద్దు. అసలు చలికన్నా ఎండే నాకు భయం. చలికి మందగిస్తాయి, ఎండలో మూసిన కారులో మాత్రం నిమిషాల్లో పోతాయి.

ప్రతి డబ్బా మీద జంతువు పేరు, జాతి, ఎంత వేడి కావాలి, అమ్మ ఫోన్ నంబర్, తెరవొద్దు అని రాసి అంటించండి. ఫోటోలు, డాక్టర్ నంబర్ ఫోన్లో ఉండాలి. మనుషుల్ని ఉంచే శిబిరాల్లో కుక్కనే రానివ్వడం కష్టం, పాముని చూస్తే ఇంకేముంది, కాబట్టి ఏ ఫ్రెండ్ ఇంట్లో పెట్టుకుంటారో ఇప్పుడే అడిగి ఉంచండి. వాటిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. చెల్లి చిన్నది కదా, దాన్ని అసలు ముట్టుకోనివ్వకండి.

మంటలొస్తే మాత్రం డబ్బా చేతికి అందకపోతే వదిలేసి బయటకొచ్చెయ్యాలి, వెనక్కి పరిగెత్తకూడదు, లోపల ఏమున్నాయో ఫైర్ వాళ్ళకి చెప్పండి చాలు. పాపం అని బయట మాత్రం వదలకండి, తనది కాని చోట ఆ జంతువు చావనైనా చస్తుంది, లేదా పెరిగి అక్కడి పిట్టల్నీ ఎలుకల్నీ తినేస్తుంది.

ఆదివారం గడియారం పెట్టుకుని, లైట్లు ఆర్పేసి, నాన్నని పక్కన పెట్టుకుని ఒకసారి చేసి చూడండి, ఎన్ని నిమిషాలు పట్టిందో, ముందు ఎవరు ఏడ్చారో నాకు మెసేజ్ పెట్టండి.

మీ తాతయ్య