హార్మోన్ గోలీలు, సంచి ఆపరేషన్, క్యాన్సర్ భయం: ధర్మాబాద్ వైపు వినపడే అపోహలు - వాస్తవాలు

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బస్సెక్కితే కాసేపట్లో బాసర. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. నేను చేసేది ఎపిడెమియాలజీ, అంటే జబ్బు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఇద్దరికీ తేడా ఎక్కడుంది అని ఊరూరా తిరిగి లెక్క తీసే పని. మందు రాయను, ఆపరేషన్ చేయను. పదిహేనేళ్లుగా నా లెక్కంతా హార్మోన్లు, రొమ్ము క్యాన్సర్ చుట్టూనే తిరుగుతోంది.

అందుకని ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఎవరో ఒక అక్క పక్కన చేరి "హార్మోన్ గోలీలు మింగితే క్యాన్సర్ వస్తదంట, అవునా కాదా, ఒక్క ముక్కల చెప్పు" అంటుంది. ఒక్క ముక్కలో చెప్పలేను. ఏ హార్మోన్, ఏ వయసులో, ఎన్నాళ్లు, గర్భసంచి ఉందా తీయించారా, ఇవేవీ తెలియకుండా అవునన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే.

అపోహ: పండక్కి నెలసరి ఆపుకునే గోలీ వేసుకుంటే క్యాన్సర్ ఖాయం.

వినాయక చవితికి, బతుకమ్మకి, పంఢర్‌పూర్ ప్రయాణానికి మెడికల్ షాపులో ఈ గోలీలు ఎన్ని అమ్ముడుపోతాయో అందరికీ తెలిసిందే. అందులో ఉండేది ప్రొజెస్టిన్ రకం హార్మోన్. క్యాన్సర్ గురించి పరిశోధనలు చూసింది ఏళ్ల తరబడి వాడినవాళ్లను, నాలుగు రోజులు వాడినవాళ్లను కాదు. గర్భనిరోధక మాత్రల సంగతే చూడండి. డెన్మార్క్‌లో సుమారు 18 లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు చూసి 2017లో ఒక అధ్యయనం వేశారు. హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువని తేలింది. 20 శాతం అనగానే గుండె జారుతుంది కదా, అదే లెక్కను ఇంకోలా చెబితే, 7,690 మంది ఏడాది పాటు వాడితే అదనంగా ఒక్కరికి. రెండూ నిజమే, కానీ వాట్సాప్‌లో మొదటిదే తిరుగుతుంది.

ఇంకో సగం ఎవరూ చెప్పరు. ఆశా తాయి ఇచ్చే మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు కొన్నేళ్లు వాడినవాళ్లలో అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తగ్గుతాయి. 45 అధ్యయనాలను కలిపి 2008లో వేసిన లెక్కలో, మాత్రలు మానేసిన దశాబ్దాల తర్వాత కూడా అండాశయానికి ఆ రక్షణ కనిపించింది. ఒక చోట కొంచెం పెంచుతుంది, ఇంకో రెండు చోట్ల తగ్గిస్తుంది, హార్మోన్ తీరే అంత.

పండగ గోలీల విషయంలో నా భయం వేరే. ఇంతకుముందు కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు అడక్కుండా మింగకూడదు. అడగాల్సింది డాక్టర్‌ని, కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లాణ్ని కాదు.

అపోహ: నెలసరి ఆగాక ఇచ్చే హార్మోన్లు విషం.

ఈ భయానికి పుట్టినరోజు ఉంది, 2002 జూలై. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ట్రయల్‌లో గర్భసంచి ఉన్న 16,608 మందిని తీసుకుని, కొందరికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్, ప్రొజెస్టిన్ కలిపిన గోలీ, కొందరికి మందేమీ లేని ఉత్త గోలీ ఇచ్చారు. హార్మోన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. "26 శాతం ఎక్కువ" అని పేపర్లన్నీ మోగాయి. లెక్క విప్పి చూస్తే, ఏడాదికి 10,000 మందిలో ఉత్త గోలీ వాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్, హార్మోన్ వాళ్లలో 38 మందికి. పైగా ట్రయల్‌లో చేరినప్పుడు వాళ్ల సగటు వయసు 63. ఒళ్లు మంటలతో నిద్రపట్టక దవాఖానాకు పోయే 50 ఏళ్ల అక్కకు ఆ అంకెను యథాతథంగా తగిలించడం సరికాదు.

అలాగని తేలిగ్గా కొట్టిపారేయకండి. 2019లో ప్రపంచంలోని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, 50 ఏళ్లకు మొదలుపెట్టి రోజూ ఈ రెండూ కలిపి 5 ఏళ్లు వాడితే, 50 నుంచి 69 ఏళ్ల మధ్య 100 మందిలో 6 మందికి రావాల్సింది 8 మందికి వస్తుందని తేలింది. అది పాశ్చాత్య దేశాల లెక్క, మన దగ్గర ఈ జబ్బు రేటే అక్కడికన్నా తక్కువ. అయినా రెండు అంటే రెండే, లేదనను.

అదే అమెరికా ట్రయల్‌లో గర్భసంచి తీయించుకున్న 10,739 మందితో రెండో గుంపు ఉంది. వాళ్లలో కొందరికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. పక్షవాతం పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు గానీ, వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తర్వాతి ఏళ్లలో చూస్తే తగ్గింది! మరి అందరికీ ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వొచ్చుగా అంటారా? సంచి ఉన్నవాళ్లకు అదొక్కటే ఇస్తే లోపలి పొర క్యాన్సర్ పెరుగుతుందని 1975లోనే బయటపడింది. అందుకే ప్రొజెస్టిన్ జత చేశారు. అది సంచిని కాపాడింది, రొమ్ముకు కొంత చేటు చేసింది. నా పని మొత్తంలో నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసే సంగతి ఇదే.

అపోహ: సంచి తీయించుకుంటే క్యాన్సర్ పీడ విరగడ.

దీని దగ్గర నాకు కోపం ఆగదు. మరాఠీలో పిశవీ అంటారు, మనోళ్లు సంచి అంటారు, ఏ భాషలోనైనా కథ ఒకటే. తెల్లబట్ట అవుతోందనో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందనో 35 ఏళ్ల మనిషి పోతుంది, "ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అని ఎవరో అంటారు, నెల తిరిగేసరికి ఆపరేషన్, అప్పు. మాకు దూరమేం కాని బీడ్ జిల్లాలో 2019లో ప్రభుత్వం సర్వే చేయిస్తే, చెరకు నరికే 82 వేల మంది ఆడవాళ్లలో 13 వేలకు పైగా సంచి తీయించుకున్నవాళ్లే. నెలసరి అని పనికి రాకపోతే కూలీ పోవడమే కాదు, ఎదురు జరిమానా కట్టాలి. అక్కడ క్యాన్సర్ భయం ఒక్కటే కాదు, కడుపు కోసుకుపోయే లెక్కలు చాలా ఉన్నాయి.

తెల్లబట్ట చాలాసార్లు మామూలు ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి అసలు కారణం హెచ్‌పీవీ వైరస్. దాన్ని కనిపెట్టినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. దీనికి టీకా ఉంది, పరీక్ష ఉంది. లాతూర్ దాటితే వచ్చే ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు ధారాశివ్) 1,31,746 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో అచ్చయింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకు వైద్యం చేస్తే, ఎనిమిదేళ్లలో ఆ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. లోకమంతా చదివిన పేపర్ అది. ఒక్క జిల్లా అవతల ఉండే మనకు తెలియదు.

నిజం చెప్పాలంటే, సంచితో పాటు రెండు అండాశయాలూ చిన్న వయసులో తీసేస్తే రొమ్ము క్యాన్సర్ అవకాశం తగ్గుతుంది, హార్మోన్ ఊట ఆగిపోతుంది కాబట్టి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల అవకాశం బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న కుటుంబాల్లో డాక్టర్లే తీయమంటారు. కానీ ఆ లోపం లేని మనిషికి 35 ఏళ్లకే ఆ ఊట ఆపితే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముందే తలుపు తడుతుంది. ఒక భయానికి రెండు జబ్బులు బదులు తీసుకోవడం ఏం బేరం?

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే ఆ వారమే దవాఖానాకు పోండి. అది వాయిదా వేసే సంగతి కాదు.

చిన్న చిన్నవి కూడా చెప్పేస్తా. సోయాబీన్ తింటే ఆడ హార్మోన్ పెరిగి క్యాన్సర్ వస్తుందట. మా చుట్టూ ఖరీఫ్‌లో ఎటు చూసినా సోయానే, అదంతా నూనె మిల్లుకు పోతుంది, తినేవాళ్లు ఎందరని! తిన్నా ఆ భయం అక్కర్లేదు, సోయా బాగా తినే ఆసియా దేశాల అధ్యయనాల్లో రిస్క్ పెరగలేదు. ఇక బ్రాయిలర్ కోడికి హార్మోన్ సూది వేస్తారని, అందుకే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులు అవుతున్నారని అంటారు. షెడ్డులో వేల కోళ్లుంటాయి, రోజూ ఒక్కోదాన్ని పట్టుకుని సూది వేసే ఓపిక ఎవరికుంది? అవి అంత తొందరగా పెరగడానికి కారణం జాతి, దాణా. కోళ్ల విషయంలో అడగాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. ఆడపిల్లల సంగతికి తిండి, బరువు పెద్ద కారణాలు.

అపోహ: పిల్లలకు పాలిచ్చినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రాదు.

తగ్గుతుంది, రాకుండా పోదు. 30 దేశాల 47 అధ్యయనాలు కలిపి 2002లో చూశారు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రిస్క్ 4.3 శాతం, ప్రతి కాన్పుకు ఇంకో 7 శాతం తగ్గుతుంది. అందుకే మా ప్రశ్నలన్నీ ఎన్నో ఏట పెద్దమనిషి అయ్యారు, మొదటి కాన్పు ఎప్పుడు, ఎన్ని నెలలు పాలిచ్చారు అంటూ నడుస్తాయి. "ఇవేం సిగ్గులేని ప్రశ్నలమ్మా" అని ముసలమ్మలు తిడతారు. 1926లో ఇంగ్లండ్‌లో జానెట్ లేన్-క్లేపన్ అనే డాక్టరమ్మ జబ్బు ఉన్న 500 మందిని, లేని 500 మందిని కూర్చోబెట్టి దాదాపు ఇవే అడిగింది.

మా వైపు ఎవరికీ తేదీలు గుర్తుండవు. అందుకని కిల్లారి భూకంపాన్ని పట్టుకుంటాం. 1993లో గణపతి నిమజ్జనం అయిన తెల్లవారుజామున వచ్చింది, మర్చిపోయినవాళ్లు లేరు. "అప్పటికి పెళ్లయిందా? పెద్దోడు పుట్టిండా?" అంటే టకటకా చెబుతారు.

పోయిన ఏడాది బిలోలీ వైపు ఒక ఊళ్లో, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఒకామె అన్నీ చెప్పింది. భూకంపం నాటికి పెద్దోడు చంకలో ఉన్నాడు, తనకు పద్దెనిమిదేళ్లు, మొత్తం నలుగురు పిల్లలు, ఒక్కొక్కరికి రెండేళ్ల చొప్పున పాలిచ్చింది. తర్వాత నన్ను అడిగింది, "నీకెందరు బిడ్డా?" ఒక్కతే పాప, 34 ఏళ్లకు పుట్టింది, ఏడు నెలలు పాలిచ్చాను అన్నాను. కాసేపు చూసి, "అయితే నీ లెక్క ప్రకారం రావాల్సింది నీకు గదా, నాకెందుకొచ్చె?" అంది.

లెక్క ప్రకారం ఆమె మాట కరెక్టే. ఈ లెక్క వేలమంది మీద నడుస్తుందే గానీ ఒక్కరి మీద నడవదక్కా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆమే "సరే రాసుకో, నాలుగో పిల్ల సంగతి ఇంకా చెప్పలే" అంటూ చాయ్ కప్పు నా వైపు జరిపింది.