ఫ్రీగా వేస్తున్నారు, పోయేదేముంది?

బ్రిటన్‌లో ఇళ్లకు ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా గోడలకు వేసే పొర, అసెస్‌మెంట్ చేయడం నా పని. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా ఒకటే మాట: "ఎనర్జీ కంపెనీ డబ్బుతో ఫ్రీగా వేస్తున్నారు, పోయేదేముందండీ?"

ఇల్లు పోతుంది. 2025 అక్టోబరులో, ప్రభుత్వ పనులను ఆడిట్ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ నివేదిక వచ్చింది. ఎనర్జీ కంపెనీల చేత ఇళ్లకు ఇలాంటి పనులు చేయించే ప్రభుత్వ స్కీము ఈసీఓ4, దాంతోపాటు నడిచిన ఇన్సులేషన్ స్కీము కింద బయటి గోడలకు చేసిన పనుల్లో 98 శాతం సరిచేయాల్సినవేనట. లోపలి గోడలకు చేసినవాటిలో 29 శాతం.

పోయిన చలికాలం లెస్టర్‌లో ఒక టెర్రస్ ఇంటికి (వరుసగా అతుక్కుని ఉండే ఇళ్లలో ఒకటి) వెళ్లాను. బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. పిల్లాడికి తగ్గని దగ్గు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మగారు "నా వంట ఆవిరి వల్లే బాబూ, రోజూ అన్నం, పప్పు ఉడికిస్తాను కదా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీ తప్పేం లేదమ్మా అన్నాను. ఇన్సులేషన్ వేసినవాళ్లు గోడలో గాలి ఆడే రంధ్రాలను బోర్డులతో కప్పేశారు. వంటింట్లో, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. కిటికీ అంచుల్లో ఇన్సులేషన్ వేయకపోవడంతో అక్కడ గోడ చల్లగానే ఉండిపోయింది, ఆవిరంతా అక్కడే నీరు కట్టింది. ఇన్సులేషన్ వేస్తే గాలి బయటికి వెళ్లే దారి కూడా చూడాలని ఇలాంటి పనులకు బ్రిటన్‌లో పాటించే పాస్ 2035 ప్రమాణమే చెబుతోంది. వంట మానమని ఎక్కడా లేదు.

ఈ స్కీము గురించి జనం అనుకునే మిగతావి త్వరగా చెప్తాను. ప్రతి ఇంటికీ చేసి తీరాలని సప్లయర్ (కరెంటు, గ్యాస్ ఇచ్చే కంపెనీ) మీద చట్టం ఏమీ లేదు. ఎనర్జీ కంపెనీలను నియంత్రించే ఆఫ్‌జెమ్ చూసేది కంపెనీ మొత్తం టార్గెట్‌ని. ఈసీఓ4లో ఆ టార్గెట్ అంటే ఇళ్ల ఏడాది బిల్లు ఎంత తగ్గిందన్న లెక్కే. మీ సప్లయర్ ద్వారానే చేయించుకోవాలన్న నియమమూ లేదు. బెనిఫిట్స్ (ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) లేనివాళ్లకు ఈసీఓ4లో కౌన్సిల్ సిఫారసు దారి ఉండేది. ఇక "ఫ్రీ" అన్న డబ్బు అందరి బిల్లుల్లోంచి వసూలు చేసిందే. కాబట్టి పని సరిగా చేయమని అడగడానికి మొహమాటం వద్దు.

ఇప్పటికే పని చేయించుకున్నవాళ్లు టెన్షన్ పడకండి. ఇంటి పనుల నాణ్యతను చూసే ట్రస్ట్‌మార్క్ సంస్థలో మీ పని నమోదైందో లేదో చూసుకోండి, గ్యారంటీ కాగితం వెతికి పెట్టుకోండి. ముందు ఇన్‌స్టాలర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, కదలకపోతే ట్రస్ట్‌మార్క్‌కు, గ్యారంటీ ఇచ్చినవాళ్లకు. చలేస్తోందని గాలి వెళ్లే వెంట్లు మాత్రం మూయకండి. బూజు తుడిచే ముందే ఫొటోలు తీసుకోండి.