షాంపూ ప్యాకెట్టు సముద్రం దాకా ఎలా చేరింది

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక పట్టినపాక్కం వైపు, అడయారు నది సముద్రంలో కలిసేచోట ఒడ్డును గమనించండి. నీళ్ల సీసాలు ఎక్కువ రోజులు ఉండవు. పాత సామాన్ల దుకాణంలో వాటికి ధర పలుకుతుంది కనుక ఎవరో ఒకరు ఏరుకుపోతారు. మిగిలేవి షాంపూ ప్యాకెట్లు. ఒక మూల చింపి ఉంటుంది, పైరంగు వెలిసి లోపలి వెండిరేకు మెరుస్తుంటుంది. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను కలిపి అతికించిన ఈ సరకును మళ్లీ విడదీయడం ఎవరికీ గిట్టదు. అందుకే దానికోసం ఎవరూ నడుం వంచరు.

ఈ ప్యాకెట్టు ఎక్కడో పుట్టి వచ్చింది కాదు. చెన్నైకి దక్షిణాన ఉన్న కడలూరులో చిన్ని కృష్ణన్ చిన్న మోతాదుల్లో సరుకు అమ్మాలని ఆలోచించారు. ఆయన కుమారులు వెల్వెట్, చిక్ షాంపూలతో దాన్ని ఊరూరా చేర్చారు. సీసా కొనలేని కూలి కుటుంబానికి అది నిజంగా మేలు చేసింది. కొన్నవారిని నిందించడం అన్యాయం. ఖాళీ ప్యాకెట్టు బాధ్యత ఎవరిదని తయారీదారులను దశాబ్దాలపాటు ఎవరూ గట్టిగా అడగలేదు.

చట్టం అడగబోయి వెనక్కి తగ్గింది. రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్యాకింగ్‌ను రెండేళ్లలో ఆపేయాలని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2018 సవరణ ఆ మాటను మార్చేసింది. మండించి శక్తి రాబట్టడానికి గానీ మరో వాడకానికి గానీ పనికొస్తే చాలు, ఆపనక్కర్లేదన్నది. సిమెంటు బట్టీలో మండుతుంది కనుక ప్యాకెట్టు తప్పించుకుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై 2019 జనవరి 1న తమిళనాడులో అమలైన నిషేధం కూడా ఫ్యాక్టరీలో సీలు వేసి వచ్చే ప్యాకింగ్‌ను మొదట మినహాయించింది.

ఇక అది కొట్టుకొచ్చే దారి. 1806లో తవ్వకం మొదలైన బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు తెలుగు నేల నుంచి బియ్యం, వంటచెరకు పడవల మీద మద్రాసుకు వచ్చేవి. 1876-78 కరువులో కూలీలతో తవ్వించిన భాగం కూవం, అడయారు నదులను కలిపింది. పడవలు ఆగిపోయి మురుగు మిగిలింది. 1990లలో రైలు వంతెన స్తంభాలను కాలువలోనే నిలబెట్టారు. ఆ ఇరుకులో నెలల తరబడి పేరుకున్నదంతా ఒక్క పెద్ద వానకు నది నోటికి చేరుతుంది.

నగరంలో చెత్త ఎత్తేవారిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో. వారి పెద్దలు తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చారు. 2000లో మూడు జోన్ల పని ప్రైవేటు సంస్థకు వెళ్లింది. 2025 ఆగస్టులో మరో రెండు జోన్లు అదే దారి పట్టడంతో కార్మికులు నగరపాలక సంస్థ కార్యాలయమైన రిపన్ భవనం ఎదుట రోజుల తరబడి బైఠాయించారు. చెత్త వీధి దాటి కాలువలో పడకుండా ఆపాలంటే ఆ చేతులే ఆధారం. వారి జీతాన్నీ ఉద్యోగ భద్రతనూ పక్కనపెట్టి సముద్రాన్ని కాపాడతామనడం నాకు మింగుడుపడదు.

అదే నెలలో జెనీవాలో ప్రపంచ ప్లాస్టిక్ ఒప్పందంపై చర్చలు కుదరకుండానే ముగిశాయి. అలాంటి ఒప్పందం చేసుకుందామని 2022లో నైరోబీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ప్లాస్టిక్ ఉత్పత్తికే హద్దు పెట్టాలా, చెత్త నిర్వహణతో సరిపెట్టాలా అన్న దగ్గర తగవు తెగలేదు. ఉత్పత్తికి హద్దును వ్యతిరేకించిన దేశాల్లో భారత్ కూడా ఉంది.