కె-22 రివాల్వర్లలో "మూడు టీలు": అపోహలు - వాస్తవాలు

పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లను విప్పి చూసి, ఏ భాగం పుట్టుకతో వచ్చిందో, ఏది తర్వాత చేరిందో చెప్పడం నా పని. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది .22 రిమ్‌ఫైర్ (తూటా అంచు మీద దెబ్బ పడితే పేలే రకం) రివాల్వర్ కె-22 గురించి. 1931లో అవుట్‌డోర్స్‌మన్ పేరుతో మొదలైంది. 1940లో మాస్టర్‌పీస్ అయింది. 1957లో కంపెనీ మోడల్ నంబర్లు పెట్టినప్పుడు మోడల్ 17 అయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కె-22లకు అదనంగా కోరుకోదగినవి మూడు: టార్గెట్ ట్రిగ్గర్, టార్గెట్ హ్యామర్, టార్గెట్ గ్రిప్పులు. కలెక్టర్ల మాటల్లో ఇవే "మూడు టీలు". ఇవి ఉంటే ధర పెరుగుతుంది. చాలామంది మోసపోయేదీ ఇక్కడే.

అపోహ: మూడూ ఉన్నాయంటే ఫ్యాక్టరీలో బిగించినవే.

కానక్కర్లేదు. ఇవి విడిభాగాలుగానూ దొరికేవి. పని తెలిసినవాడు ఇంట్లో బల్ల మీదే మార్చేయగలడు. కాబట్టి భాగం కంపెనీదేనా అనేది ఒక ప్రశ్న, ఆ భాగం ఆ తుపాకీతోనే ఫ్యాక్టరీ గేటు దాటిందా అనేది వేరే ప్రశ్న. అమ్మేవాళ్లు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి డబ్బు తీసుకుంటారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

నేను ముందు సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందో లేదో చూస్తాను. ఆ తర్వాత గ్రిప్పులు విప్పుతాను. స్మిత్ టార్గెట్ గ్రిప్పులు పిడి ముందువైపు లోహాన్ని పూర్తిగా కప్పేస్తాయి. మామూలు మాగ్నా గ్రిప్పులు కప్పవు, వేళ్లు నేరుగా లోహానికే తగులుతాయి. పెద్ద గ్రిప్పుల కింద, వేళ్లు పట్టే చోట నీలి రంగు అరిగి బూడిద రంగు తేలిందనుకోండి, ఆ తుపాకీ చాలాకాలం చిన్న గ్రిప్పులతోనే తిరిగిందని అర్థం. పెద్దవి తర్వాత వచ్చాయి.

తర్వాత హ్యామర్, ట్రిగ్గర్ పక్కపక్కన చూడాలి. రెండింటి మీదా కేస్ హార్డెనింగ్ (ఉక్కు పైపొరను గట్టిపరచడం) వల్ల నీలం, గోధుమ రంగు మరకలు కలగలిసి ఉంటాయి. ఒకటి కొత్తగా మెరుస్తూ, మరొకటి వెలిసిపోయి ఉంటే అనుమానించండి. సైడ్ ప్లేట్ స్క్రూల గాట్లు చెదిరి ఉంటే, సరైన స్క్రూడ్రైవర్ లేనివాడెవడో లోపలికి వెళ్లొచ్చాడన్నమాట.

అసలు పెట్టె ఉంటే పని తేలిక. దాని పక్కనున్న లేబుల్ మీద ఆప్షన్ల గుర్తులు ఉండొచ్చు. కానీ పెట్టె మీది సీరియల్ నంబర్, తుపాకీ నంబర్ ఒకటేనా అని తప్పకుండా సరిచూడండి. ఖాళీ పెట్టెలకూ మంచి గిరాకీ ఉంది.

అపోహ: టార్గెట్ గ్రిప్పుల లోపల సీరియల్ నంబర్ లేకపోతే నకిలీ.

మాగ్నా గ్రిప్పుల కుడి పలక లోపల నంబర్ కొట్టడం చాలాకాలం ఉండేది. టార్గెట్ గ్రిప్పులకు మామూలుగా ఉండదు. అక్కడ వెతకాల్సింది స్క్రూ చుట్టూ గరుకు గీతలు లేకుండా వజ్రం ఆకారంలో వదిలిన చెక్క. 1968 ప్రాంతంలో అది మానేశారు. 1975 నాటి తుపాకీకి వజ్రం ఉన్న గ్రిప్పులు కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి.

అపోహ: కె-38 టార్గెట్ హ్యామర్ దీనికీ సరిపోతుంది.

కె-38 అంటే ఇదే కంపెనీ .38 రివాల్వర్. ఫ్రేమ్ సైజు ఒకటే, ట్రిగ్గర్, గ్రిప్పులు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి, హ్యామర్ మాత్రం సరిపోదు. కె-38 హ్యామర్‌కు ముందు ముక్కులాంటి పిన్ను ఉంటుంది. కె-22లో ఫైరింగ్ పిన్ను ఫ్రేమ్‌లోనే ఉంటుంది కాబట్టి హ్యామర్ ముఖం చదునుగా ఉంటుంది. రిమ్‌ఫైర్ టార్గెట్ హ్యామర్ కోసం అంత వెతుకులాట అందుకే.

అపోహ: కంపెనీ లెటర్ తెప్పిస్తే అంతా తేలిపోతుంది.

స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ ఇచ్చే లెటర్‌ను నేను గౌరవిస్తాను. ఎప్పుడు పంపారు, ఎవరికి పంపారు అన్నది చెబుతుంది. అయితే అందులో ఉండేది అప్పటి రికార్డులో రాసినంతే. లెటర్లో టార్గెట్ హ్యామర్ మాట లేదని ఆ హ్యామర్ తర్వాత వేసిందే అని తేల్చేయకూడదు.

అపోహ: వెడల్పాటి టార్గెట్ ట్రిగ్గర్ వేస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది.

బరువు మారదు. ఒత్తిడి వేలి మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి తేలికనిపిస్తుంది, అంతే. హ్యామర్ వెనక్కి లాగి, నిదానంగా గురి చూసి కాల్చే పోటీలకు అది హాయి. డబల్ యాక్షన్‌లో (హ్యామర్ చేత్తో లాగకుండా ట్రిగ్గర్ నొక్కే) వేగంగా కాల్చేవాళ్లలో చాలామందికి సన్నటి, నున్నటి ట్రిగ్గరే ఇష్టం.

అపోహ: సిలిండర్ గదులు రిసెస్ చేసి (తూటా అంచు లోపలికి దిగేలా గుంట తీసి) ఉంటే 1982కి ముందుది.

.357 మాగ్నమ్‌ల సంగతి అది. రిమ్‌ఫైర్ సిలిండర్లకు ఆ రిసెస్ 1982 తర్వాతా కొనసాగింది. మీరు చూడాల్సింది బారెల్‌కు అడ్డంగా ఉండే పిన్ను. 1982లో తీసేసింది దాన్ని.

రంగు వెలిసిందని మళ్లీ బ్లూయింగ్ చేయించొద్దు, బతిమాలి చెబుతున్నాను. అసలు రంగు ఒకసారి పోతే ఏ లెటరూ దాన్ని తిరిగి తేలేదు.

అపోహ: యాభై ఏళ్లు దాటితే యాంటిక్, కాగితాలు అక్కర్లేదు.

అమెరికా ఫెడరల్ చట్టంలో యాంటిక్ అంటే 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది. యాభై ఏళ్లు దాటినది క్యూరియో అండ్ రెలిక్ (కలెక్టర్లు దాచుకునే పాత తుపాకీ) అవుతుంది, కానీ ఆయుధమే. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకపోతే ఇలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం. రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయి. ఇండియాకు తిరిగి వెళ్లేవాళ్లు సామాన్లలో వేసుకుపోదామనుకోకండి. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, దిగుమతికి విడిగా అనుమతి కావాలి. బయల్దేరే ముందే ఇక్కడ లైసెన్సున్న డీలర్ ద్వారా అమ్మేయండి, పెట్టెతో సహా.