ఆ ఫిరంగి బుస్సీ కాలం నాటిది కాదు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పగలంతా పంపులకు గన్‌మెటల్ బుష్‌లు తిప్పుతాను. సాయంత్రం షట్టరు సగం దించి, అదే లేతు మీద షోకేసులో పెట్టుకునే ఇత్తడి ఫిరంగి నమూనాలు చేస్తాను. పన్నెండేళ్ల సరదా. దాని పుణ్యమా అని నెలకు ఒకరైనా పాత తుండుగుడ్డలో ఫిరంగి చుట్టుకుని వస్తారు. అందరూ అడిగేది ఒకటే: "ఇది ఎన్నేళ్లదో కాస్త చూసి చెప్పండి."

అపోహ: చిలుము పట్టి నల్లబడితే పాతదే.

వాస్తవం: ఆ నలుపు నేను ఒక్క రాత్రిలో తెప్పిస్తాను. మూత బిగించిన బకెట్‌లో అమ్మోనియా ఆవిరి తగిలేలా ఉంచితే తెల్లవారేసరికి ఇత్తడి రంగు తిరుగుతుంది. నిజంగా తరాలు చూసిన వస్తువు చేయి తగిలే చోట అరిగి మెరుస్తుంది, సందుల్లో నల్లబడుతుంది. మందు పెట్టినది చేయి వెళ్లని మూలలో కూడా ఒకే రంగులో ఉంటుంది. ఇంతకన్నా పరీక్ష అక్కరలేదు, కానీ కొనేముందు తిరగేసి చూసేవారేరీ?

నిరుడు గుంటూరు నుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. తొమ్మిది అంగుళాల గొట్టం, రెండున్నర కిలోలు, మీద ‘1757’ అని చెక్కి ఉంది. బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ వాడిన ఫిరంగులకు నమూనా అట. కొండవీడు దగ్గర పొలంలో దొరికిందట. విదేశీయులు కోట్లు ఇస్తారట. ఎవరో ఆయనకు రెండు లక్షల ఎనభై వేలకు అంటగట్టారు, కూతురి పెళ్లికి దాచిన డబ్బు.

గొట్టం కింది బండిని తిరగేశాను. చక్రాలను స్టార్ స్క్రూలతో బిగించారు.

"మాస్టారూ, ఈ రకం స్క్రూ 1930లలో గానీ రాలేదు."

"తర్వాత ఎవరో మార్చి ఉంటారు కదండీ" అన్నారాయన.

అలా ఆశపడే మనిషితో ఏం వాదిస్తాం? భూతద్దం తీసి గొట్టం మీద వెతుకుతూ మూడో కడియం కింద ఆగిపోయాను. పోతలో గాలి రంధ్రం పడితే ఇత్తడి మేకు దిగ్గొట్టి, ఆకురాయితో సాపు చేసిన చుక్క అది. ఆ మేకు కొట్టింది నేనే. ఆరేళ్ల క్రితం ఏడు వేలకు అమ్మాను. అప్పుడు దాని మీద ఏ అంకే లేదు, తళతళలాడుతూ వెళ్లింది.

టీ తెప్పించాను, ముట్టలేదు. "పోలీసుల దగ్గరికి వెళితే నన్నే లోపల వేస్తారేమో" అన్నారు చివరికి. మీరు మోసపోయిన మనిషి, వెళ్లి ఫిర్యాదు చేయండి, ఇది నేను చేసినదేనని కాగితం మీద రాసి ఇస్తాను అన్నాను. ఆ పూటే రాసిచ్చాను.

ఆ ‘విదేశీ కోట్ల’ కథ చెప్పేవారి మీద నాకు ఒళ్లు మంట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇక్కడ వాటితో వ్యాపారం చేయడానికీ లైసెన్సు కావాలి. అంటే అది నిజంగా పాతదైతే ఆ కోట్ల బేరం నేరం. కొత్తదైతే నా కూలి, ఇత్తడి తూకం తప్ప మరేమీ లేదు. పొలంలోనే దొరికి ఉంటే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం ముందు కలెక్టరుకు చెప్పాలి. బజారులో పెట్టకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అయస్కాంతం అంటకపోతే పాతదంటారు. ఇత్తడికి అయస్కాంతం ఎప్పుడూ అంటదు, నిన్న పోసినదానికైనా సరే. బియ్యపు గింజల్ని లాగే మహత్తు ఉందని చెప్పి కూడా అమ్ముతారు. అలాంటి లోహం లేదు. ఆ మాట ఎత్తినవాడిని గడప దాటించండి. చింతపండుతో తోమవచ్చా? నా బొమ్మలను నిక్షేపంగా తోమండి. తాతల నాటిదని నిజంగా అనుమానం ఉంటే మాత్రం తోమకండి, ఆ పైపొరే దాని చరిత్ర. విమానంలో చేతి సంచిలో పెట్టుకెళ్లకండి, గన్నవరంలో ఆపేస్తారు.

భర్త పోయాక అలమరలో ఫిరంగి బొమ్మ కనబడి, ఆయుధమేమోనని నిద్ర పట్టని ఒక పెద్దావిడ కూడా వచ్చారు. అమ్మా, ఫిరంగుల్లో 1959 ఆయుధ చట్టం చూసేది మందు పెట్టి కాల్చడానికి వీలుగా చేసినవాటిని. మీ దానికి మూతి దగ్గర ఒక అంగుళం గుంట తప్ప లోపలంతా గట్టి ఇత్తడే, వత్తి పెట్టే రంధ్రం కూడా లేదు అని చూపించాను. ఆ రంధ్రం నేను దేనికీ పెట్టను. ‘దీపావళికి ఒక్కసారి’ అని బతిమాలేవారికి కూడా. పోతలో లోపల దాగిన గాలి బుడగలు కంటికి కనబడవు, గొట్టం చీలితే ముక్కలు తగిలేది చుట్టూ ఉన్న పిల్లలకే.

మాస్టారు వచ్చి వెళ్లాక ప్రతి గొట్టం అడుగునా చేసిన సంవత్సరం పోతలోనే వచ్చేలా అచ్చు మార్చాను. చెక్కితే ఆకురాయితో గీకేస్తారు. మొన్న ఒకాయన ఆ అంకె లేకుండా పోసిస్తే రెట్టింపు ఇస్తానన్నాడు. ఎందుకని అడిగాను. ‘చూడడానికి బాగుండదని’ అన్నాడు. అంకె ఉండేది అడుగున.